మన పేటలు: చెరువు గర్భమున వెలసిన త్యాగరాయనగరము



పెండ్లి నిశ్చయమైన యింట తాంబూలములు పుచ్చుకొనిన మరునాడే వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: పట్టుచీరల కెప్పుడు బయలుదేరుట? నెల్లూరు, చిత్తూరు సీమల గృహములలో బయలుదేరుట యనగా చెన్నపట్టణమునకే. చెన్నపట్టణ మనగా త్యాగరాయనగరమే. తెల్లవారుజామున రైలు దిగి, పానగల్లు పార్కు చుట్టునుగల దుకాణములలో కాళ్ళు పడిపోవువరకు తిరిగి, మూటలతో రాత్రి రైలెక్కువారికి ఆ పేట యొక పెద్ద అంగడిగా మాత్రమే తోచుట వింత గాదు. కాని యది అంగడి కొరకు పుట్టినది కాదు. సంసారులు కాపురములు చేసికొనుటకై కొలతలు వేసి, గీతలు గీచి కట్టిన నివాసపు పేట అది. అంతకు ముందచ్చట నొక మహాతటాక ముండెడిది. తటాకము గృహములకు చోటిచ్చినది. గృహము లిప్పుడు దుకాణములకు చోటిచ్చుచున్నవి. ఈ మాసమున దాని కథ వ్రాయుచున్నాము.

మేమా పేటలో నుండువారము కాము. మేముండునది రైలుకట్టకు పడమటనున్న పాత మాంబళము. మా పంతులుగారి జీతమునకు కట్టకు తూర్పున అద్దె యిల్లు దొరకుట దుర్ఘటము. అయినను ఇరువదియేండ్లుగా కూరలకును, పుస్తకములకును, పేరంటములకును కట్ట దాటుచుండుటచే అచ్చటి వీధులు మాకు పుట్టినింటి వీధులవలె పరిచితములైనవి.

మొదట చెరువు సంగతి. నుంగంబాకము మొదలుకొని సైదాపేట దిక్కుగా, మౌంటు రోడ్డునకు పడమటి ప్రక్కన, నెలవంకవలె వంగిన పొడవైన చెరువు పూర్వముండెడిది. ఇంగ్లీషువారు దానిని లాంగు టాంకు అనిరి. మనవారు ఉత్తరపు కొసను నుంగంబాకము చెరువనియు, దక్షిణపు కొసను మైలాపూరు చెరువనియు పిలిచిరి. పందొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో దొరలు దానిలో పడవపందెములు జరుపుకొనుచుండిరి. మా పేటలో లేక్ వ్యూ రోడ్డు అను వీధి నేటికిని కలదు. అనగా చెరువు కనబడు వీధి. అందు నిలిచి తూర్పునకు చూచినచో ఎదుటి మేడమీద ఆరవేసిన బట్టలు కనబడును.

చెరువున్న యూరి గొప్ప చెరువున్న యూరివారికే తెలియును. దానిక్రింద వరి పండును. దానివలన చుట్టునున్న బావులలో నీరు నిలుచును. ఎండకాలమున గాలి చల్లబడును. అయితే పట్టణము పెరిగి, వరిమళ్ళు మాయమై, చెరువునకు ఆయకట్టు లేకుండపోయినప్పుడు, కాగితములు చూచు అధికారులకు అది తటాకముగా గాక ఖాళీస్థలముగా కనబడుట మొదలిడును. ఈ చెరువునకు పట్టిన గతి యదియే యని మా తలంపు.

స్థలము కావలసివచ్చిన మాటయు నిజమే. 1921 జనాభా లెక్కలలో చెన్నపట్టణవాసులు 5 లక్షల 27 వేలు. 1941 నాటికి 7 లక్షల 77 వేలు. జార్జిటవును సందులలో ఒక్కొక్క యింట నాలుగేసి కుటుంబములు, అందరికి నొక్క కొళాయి. అట్టి యిండ్లలో పురిటి మంచమునకు చోటు వెదకుట యెట్టిదో ఆడువారే యెరుగుదురు. లాంచెస్టరు అను నింగ్లీషు నిర్మాణశాస్త్రజ్ఞుడు 1914 తరువాత నీ దేశమునకు వచ్చి, పట్టణముల నెట్లు పెంచవలెనో పరిశీలించి, చెన్నపట్టణమును గూర్చి 1918లో నొక గ్రంథము ప్రకటించెను. 1920లో పట్టణనిర్మాణ శాసనము పుట్టినది. 1923లో చెరువు నీరు తీసి, నేల చదునుచేయు పని కారంభమైనది. ఆ నేలమీద లేచిన పేటకు పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు పెట్టిరి.

ఈ చెట్టిగారు (1852–1925) మన తెలుగువారే. దేవాంగ కులమువారు, నేతపని వారి యింటి విద్య. తమ కార్ఖానాలో మగ్గములు పెట్టించి, నాడె తనంత తాను పరుగెత్తు క్రొత్తరకపు మగ్గమును నేతగాండ్రకు పరిచయము చేసిన వర్తకులు. చెన్నపురి కార్పొరేషనునకు అధ్యక్షులై పనిచేసిరి. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించిన ముగ్గురు నలుగురిలో నొకరు. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలువగా, గవర్నరు ప్రభుత్వము నేర్పరుపుమని పిలిచినను ఒల్లక యితరుల కాపదవి యిప్పించిరి. ఆ పక్షముయొక్క గుణదోషముల చర్చ యీ పుటలకు వలదు. కాని వారి కాలమున జరిగిన పని యొకటి మాబోటి పంతులు భార్యలు మరవరానిది. 1920లో థౌజండ్ లైట్సు ప్రాంతమునందలి కార్పొరేషను బడిలో, పిల్లవాని కొకనికి రోజునకు ఒక అణాకు మించని వ్యయముతో, మధ్యాహ్నపు ఫలాహారము పెట్టుటకు కార్పొరేషను తీర్మానించినది. కడుపు మాడుచుండగా ఎక్కమెట్లు వచ్చునని బడులలో నెవరు నడుగని కాలమది. నేడు దేశమంతట బడిపిల్లలకు వడ్డించుచున్న యన్నమునకు అది తొలి ముద్దలలో నొకటి.

నేతవారి యింట పుట్టిన యా మహనీయుని పేరుగల పేట దక్షిణదేశమున కెల్ల పట్టుచీరల సంత యగుట ఎవరును తలపెట్టి చేసినది కాదు. ఆయన బ్రతికియుండిన సంతసించెడివారో, తాము వీధులుగా గీయించిన చోట గుమ్మము కనబడకుండ కట్టిన అద్దాల మేడలను చూచి నొచ్చుకొనెడివారో చెప్పజాలము.

ఆ పేట రోడ్ల పేరులు వరుసగా చదివినచో 1920ల నాటి రాజకీయసభకు హాజరుపట్టీ చదివినట్లుండును. డాక్టరు నాయరు, నటేశన్, తణికాచలము చెట్టి, హబీబుల్లా, ఉస్మాన్: ఒక్కొక్కరు నొక్కొక్క రోడ్డయి యెండకు వానకు పడియున్నారు. అందరి నడుమ పానగల్లు రాజావారు ఉద్యానమై నిలిచినారు. పానగంటి రామారాయణింగారు 1866లో కాళహస్తిలో జన్మించినవారు. 1921 మొదలు 1926 వరకు చెన్నరాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినది వారి కాలముననే. స్త్రీలకు వోటుహక్కు నిచ్చుటకు చెన్నపురి శాసనసభ 1921లో సమ్మతించినది. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో నిదియే మొదటిది. పార్కు తెరచినది 1928లో. ఆ సంవత్సరముననే రాజావారు దివంగతులైరి.

పార్కును నడుమ నుంచి, రోడ్లు దానినుండి నలుదెసల సాగునట్లు నిర్మించుట యా పేట లక్షణము. స్థలమును గ్రౌండుల లెక్కన అమ్మిరి. ఇది చెన్నపట్టణపు కొలత. మన గజములు, సెంట్లు అచ్చట చెల్లవు. ఒక గ్రౌండన 2,400 చదరపుటడుగులు. ఎకరమునకు పదునెనిమిది గ్రౌండులు, కొంచెము పైన. రెండు గ్రౌండుల స్థలము కొనినవాడు సగముమీద నిల్లు కట్టి తక్కినది చెట్లకు విడిచెడివాడు. ముందు వసారా, దానిపై మంగుళూరు పెంకు లేదా మిద్దె, నడుమ హాలు, దాని కిరువైపుల గదులు, వెనుక వంటయిల్లు, దానిని దాటిన బావి, తులసికోట, రెండు కొబ్బరిచెట్లు, వేపచెట్టు, ఒక్కొక్కచో మామిడి. మా వంటి యద్దె కాపురపువారికి ఆ పెరటి వైశాల్యమే ఎక్కువ యసూయ పుట్టించెడిది. అప్పడములెండుటకు, వడియములు పెట్టుకొనుటకు, మడిబట్ట లారవేసికొనుటకు ఎవరి కనులును పడని చోటు! బావి త్రవ్విన కొలదిలోతుననే నీరు పడెడిదని పాతకాపులు చెప్పుదురు. చెరువు గర్భమున త్రవ్విన బావికి నీరు పడుటలో నాశ్చర్యమేమి?

మా పడమటి వైపు వేరు రీతి. మాంబళము పాత గ్రామము. పేరు మహాబిల్వమునుండి వచ్చినదని స్థలవృద్ధులు చెప్పుదురు. ఇచ్చట ఇండ్లు గోడకు గోడ ఆని యుండును, వీధి యిరుకు, కోదండరామస్వామి యుత్సవమువేళ రథమునకు దారి విడువవలెనన్న సైకిళ్ళన్నియు లోనికి తీసికొనవలసినదే. సముద్రపుటొడ్డు స్టేషనునుండి తాంబరమువరకు విద్యుద్రైలు 1931లో నడచుట మొదలైనది. అప్పటినుండి మాంబళము గుమాస్తాల పేట యైనది. ప్రొద్దున్నే చారు అన్నము తిని, పెరుగన్నము డబ్బా చేతబట్టుకొని, తొమ్మిది గంటల బండికి పరుగెత్తు పురుషులు, వారి వెనుక తలుపు వేసికొని రెండవ కాఫీ కలుపుకొను స్త్రీలు: యీ దినచర్యతో తరములు గడచినవి. కట్టకు తూర్పున మోటారు, పడమట సైకిలు అని యొక నానుడిగా చెప్పుకొనుచుందుము. నేడు రెండువైపులను మోటారులే. నిలుపుటకు మాత్రము చోటు లేదు.

త్యాగరాయనగరమున నివాసములతోడనే విద్యాస్థానములు వెలసినవి. వానిలో స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనదగినది ఉస్మాన్ రోడ్డునందలి శారదా విద్యాలయము. దానికి మూలపురుషుడు లేడు, మూలస్త్రీ కలదు. సుబ్బలక్ష్మమ్మగారు 1886లో జన్మించి, పదునొకండవ యేట వివాహమై, కొలదికాలమునకే వైధవ్యము పొందిరి. తండ్రిగారు ఆమెను మూలగదిలో కూర్చుండబెట్టుటకు మారుగా పుస్తకములిచ్చి చదివించిరి. 1911లో ఆమె బి.ఏ. పట్టము పొందిరి. తరువాత కొలదిమంది బాలవితంతువులను తమ యింటనే చేర్చుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించి, ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దసాగిరి. వీధిలో ఆమె యెదురైన అపశకున మని తలుపులు మూసికొనినవారు నుండిరి. అట్లు మొదలైన పనులలోనుండియే యీ విద్యాలయమును పుట్టినది. 1938లో దానిని రామకృష్ణ మిషన్ వారి కప్పగించిరి. ఆమె 1969లో కన్నుమూసిరి. నేడు చీరలు కొనుటకు ఉస్మాన్ రోడ్డున త్రోసికొనుచు నడచు స్త్రీలలో, ఆ గోడవెనుక నేమున్నదో యెరిగినవారు ఎందరు?

తణికాచలము చెట్టి రోడ్డునందలి దక్షిణభారత హిందీ ప్రచారసభను మన యాంధ్రస్త్రీలకు వేరుగ పరిచయము చేయ నక్కరలేదు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, విశారద యను పరీక్షలు వ్రాసిన యక్కలు, పిన్నులు లేని యిల్లు కోస్తా జిల్లాలలో నరుదు. కాలేజీకి పంపని తల్లిదండ్రులు కూడ ఇంట కూర్చుండి చదువదగిన ఆ పరీక్షలకు ఫీజు కట్టెడివారు. 1918లో నారంభమైన యీ సభ యొక్క రజతోత్సవమునకై 1946 జనవరిలో గాంధీమహాత్ముడు త్యాగరాయనగరమునకే విచ్చేసి యచ్చటనే బసచేసిరి.

ఇక పేరుపొందిన కాపురస్థులు. రాజాజీగారు బజుల్లా రోడ్డున వసించిరి. కామరాజుగారు తిరుమలపిళ్ళై రోడ్డునందలి యింట 1975 అక్టోబరు 2వ తేదీన తుదిశ్వాస విడిచిరి. ఆ యిల్లు స్మారకమైనది. తెలుగు చలనచిత్రములు చెన్నపట్టణముననే తయారైన రోజులలో మనవారి పేరులు ప్రతి రోడ్డునను వినబడెడివి. చిత్తూరు నాగయ్యగారి చేతిచలువతో వెలసిన వాణీమహలులో సంగీతసభలు నేటికిని జరుగుచున్నవి. ఘంటసాలగా రుస్మాన్ రోడ్డున నుండిరి. సావిత్రిగారి మేడ హబీబుల్లా రోడ్డున. ఎన్. టి. రామారావుగారి యిల్లు బజుల్లా రోడ్డున. తిరుపతిలో స్వామిదర్శనము చేసికొనిన యాత్రికులు బస్సులతో వచ్చి, ప్రొద్దుననే యా గేటుముందు వరుసగా నిలువబడెడివారు. చలనచిత్రములను గూర్చి మా కంత యభిమానము లేదు. కాని గుండుచేయించుకొనిన తలలతో, చంకను పిల్లలతో నిలిచిన యా యాత్రికుల భక్తిని పరిహసింప మాకు మనసొప్పదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. చెన్నపట్టణము మనకు రాలేదు. అంతమాత్రమున తెలుగు కాపురములు మూటలు కట్టుకొనలేదు. వారిని మెల్లగా తీసికొనిపోయినది చలనచిత్ర పరిశ్రమయొక్క హైదరాబాదు ప్రయాణమును, పిల్లల విదేశవాసమును. వేంకటనారాయణ రోడ్డునందలి తిరుమల దేవస్థానమువారి కోవెలకు శనివారము పోయినచో మాత్రము వరుసలో మన తెలుగు సమృద్ధిగా వినవచ్చును.

ఇండ్లెట్లు అంగళ్ళైనవో చెప్పవలెను. ఇది యొక్కనాడు జరిగినది కాదు. కాంచీపురమునుండి వచ్చిన నల్లి చిన్నసామి చెట్టిగారి పట్టు దుకాణము 1928లోనే వెలసినది. అనగా పార్కు వయస్సే దానికిని. సౌందరపాండ్యనాడారుగారి పేరిట పాండీబజారు ఏర్పడినది. ఈ యంగళ్ళు నాడు ఇరుగుపొరుగు గృహములకు కావలసినంత మట్టుకే. తరువాత వసారాకు తడిక కట్టి దరజీవానికి అద్దెకిచ్చిరి. దరజీవాడు పోయి గాజులవాడు వచ్చెను. హాలు గోడ పడగొట్టి, గాజుల దుకాణమును బట్టలదుకాణము మింగెను. ఇంటివారు మేడమీదికి చేరిరి. మేడ గిడ్డంగి యగుటతో నగరము వెలుపలికి చేరిరి. స్టేషనునకు పోవు రంగనాథన్ వీధి యొకప్పుడు ముగ్గులు వేసికొను సంసారుల వీధి. నేడందు పండుగదినములలో అడుగు వేయుటకు మన పాదములతో పని లేదు. వెనుకనున్న జనమే తీసికొనిపోవును. 2023లో స్టేషనునుండి బస్సుల నిలయమువరకు అరకిలోమీటరునకు పైగా పొడవైన నడకవంతెన కట్టిరి. చేతిలో సంచులున్న స్త్రీలకు అది గొప్ప యుపకారము.

వర్తకులను నిందించుట మా యుద్దేశము కాదు. కొనువారము మనమే. పదివేల చీరలు ఒకచోట చూడవలెనను కోరిక మనదే. ఆ పదివేలును మడతలు విప్పి చూపు బాలికల సంగతి మాత్రము తలచుకొనుడు. దూరపు జిల్లాలనుండి వచ్చి, ప్రొద్దుట తొమ్మిదింటినుండి రాత్రి తొమ్మిదింటివరకు నిలువు కాళ్ళమీద నుండువారు చాలమంది. 2010లో వచ్చిన అంగాడి తెరు అను తమిళ చిత్రము రంగనాథన్ వీధి పనివారి బ్రదుకునే చూపినది. దుకాణమున పనిచేయువారికి కూర్చుండుటకు ఆసనమీయవలెనని తమిళనాడు శాసనసభ 2021లో చట్టము చేసినది. పీట వేయవలెనని చెప్పుటకు చట్టము కావలసివచ్చినది! మీరు చీరలు విప్పించునప్పుడు ఆ పిల్ల వెనుక నొక బల్ల యున్నదా యని కన్ను వేయుడు. లేనిచో గల్లాపెట్టెవద్ద నున్నవానిని అడుగుడు. కొనువారు అడిగిన మాటకు విలువ యుండును.

నీరు పల్లమెరుగు నని మనవారు ఊరక అనలేదు. 2015 డిసెంబరు వానలలో త్యాగరాయనగరపు వీధులు, మా మాంబళపు వీధులు మోకాటిలోతు, నడుములోతు నీట మునిగినవి. మేము బియ్యపు డబ్బాలను, పిల్లల పుస్తకములను అటకమీది కెక్కించి, మూడు రాత్రులు మేడమీది వారి యింట తలదాచుకొంటిమి. 2021 నవంబరులో పాండీబజారు ప్రాంతము మరల నీటిపాలయ్యెను. ఆ రెంటి నడుమ, 2019 వేసవిలో, పట్టణమున తాగుటకు నీరు లేదు. లారీ వచ్చినదని విని బిందెలతో పరుగెత్తినది ఆడువారే. నీరు పెక్కైనను మునిగినది వంటయిల్లే, తక్కువైనను ఎండినది వంటయిల్లే. చెరువులో మిగిలిన కొసను పూడ్చి నుంగంబాకమున 1976లో వళ్ళువర్ కోట్టము తెరచిరి. పూర్వము చెరువు పట్టిన వాననీటికి నేడు మాంబళపు కాలువ యొక్కటే దారి. అది యడయారు నదికి చేరవలెను. కాలువలో ప్లాస్టికు సంచులు పేరుకొనినప్పుడు ఆ నీరు తన పాతయిల్లు వెదకికొనుచు మన గుమ్మములలోనికి వచ్చును. వాననీటిని నేలలోనికి దింపు గుంటలు ప్రతి యింట నుండవలెనని తమిళనాట ఈ శతాబ్ది మొదటనే శాసించిరి. గుంట త్రవ్వినవారు చాలమంది. ఏటేట ఇసుక కడిగి శుభ్రపరచువారు కొలదిమంది. మా యింటి గుంటను మేము ఆషాఢమున తీయించుచున్నాము. కూలి వేయిరూపాయలు దాటును, కాని వానకాలమంతయు బావినీరు తేటగా నుండును.

హబీబుల్లా రోడ్డునకు చేరువ నొక చిన్నవీధిలో మేము మామ్మగారని పిలుచు వృద్ధురాలు కలరు. నెల్లూరు ప్రాంతపువారు, వయస్సు ఎనుబదియారు. మామగారు 1939లో కట్టించిన యింటికి 1957లో క్రొత్తకోడలుగా వచ్చిరి. ఒకటిన్నర గ్రౌండు స్థలము. ఇరువైపులను ఐదంతస్తుల కట్టడములు లేచి, ఆ పెంకుటిల్లు వానినడుమ రెండు పుస్తకముల మధ్య జారిన చీటివలె నున్నది. పెద్దకుమారుడు అమెరికాలో, చిన్నవాడు బెంగుళూరులో. మేస్త్రీల కాంట్రాక్టరు ఒకరు ఫ్లాటులు కట్టుద మని రెండేండ్లుగా తిరుగుచున్నారు. మామ్మగారికి రెండు ఫ్లాటులు, కొంత రొక్కము నిత్తురట. కొడుకులు సమ్మతించిరి. అమ్మ యొక్కరు ఆ యింట జారిపడినచో చూచువారెవరని వారి భయము. అది కొట్టివేయదగిన మాట కాదు. మామ్మగారును దానిని కొట్టివేయలేదు.

ఆమె పట్టుదల యంతయు బావిని గూర్చియే. కాంట్రాక్టరు తెచ్చిన పటములో బావియున్న చోట విద్యుద్యంత్రమునకు గది చూపినారు. ఆ కాగితమును మేము చదివి వినిపించితిమి. మామ్మగారు కంటియద్దములు తీసి తుడుచుకొని, "అమ్మాయీ, నేను ఈ యింటికి కాపురానికి రాకముందే ఆ నుయ్యి వచ్చింది. పందొమ్మిదో ఏడు ఎండల్లో వీధి వీధంతా దాంట్లోనే తోడుకుంది. నన్ను ఎక్కడికి మార్చినా మారతాను, దాన్ని పూడిస్తే మాత్రం సంతకం పెట్టను" అనిరి.

పటము తిరిగి పంపిరి. బావిని విడిచి, యంత్రపు గదిని వెనుకకు జరిపి, మరియొక పటము గీయవలెనని మా పంతులుగారిచేత ఆంగ్లమున నొక యుత్తరము వ్రాయించిరి. అట్లు చేసినచో బండ్లు నిలుపు చోటు రెండు తగ్గునని కాంట్రాక్టరు ఫోనులో చెప్పెనట. చిన్నకుమారుడు బెంగుళూరునుండి వచ్చి తల్లివైపు మాటలాడెను; పెద్దవాడింకను తేల్చలేదు. క్రొత్తపట మీ వ్యాసము వ్రాయునాటికి రాలేదు. మొన్న కార్తీక సోమవారమున దీపములకు పోయినప్పుడు బావిలోనికి తొంగిచూచితిమి. నీరు చేదకు నాలుగు బారల దూరమున నున్నది.